వీలునామా చాలదు, ఈజ్‌మెంట్ రాయించండి

అన్నగారూ, పెన్సిల్వేనియాలోని మీ 60 ఎకరాలు మీ తదనంతరం బిల్డర్ల చేతికి పోకుండా వీలునామా రాస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. పిల్లల పేరు మీదికి వచ్చాక అమ్ముకోవడం వాళ్ల ఇష్టం.

మీకు కావాల్సింది కన్సర్వేషన్ ఈజ్‌మెంట్, అంటే భూమిని ప్లాట్లు చేయబోమని రాసిచ్చే దస్తావేజు. భూమి మీదే, సాగూ మీదే, అమ్ముకోవచ్చు కూడా. ప్లాట్లు వేసే హక్కు ఒక్కటే శాశ్వతంగా వదులుకుంటారు. రేపు ఎవరు కొన్నా అదే షరతు. ముందు మీ కౌంటీలో వ్యవసాయ భూముల పరిరక్షణ బోర్డును కలవండి. అక్కడ 1988లో మొదలైన కార్యక్రమం కింద ఈ హక్కును డబ్బిచ్చి కొంటారు. కాస్త ఓపిక కావాలి. అలా అమ్మకుండా ల్యాండ్ ట్రస్టుకు (భూముల్ని కాపాడే లాభాపేక్ష లేని సంస్థకు) ఉచితంగా రాసిస్తే, తగ్గిన భూమి విలువను ఫెడరల్ పన్నులో మినహాయింపుగా చూపించుకోవచ్చు: ఏటా ఆదాయంలో 50 శాతం దాకా, మిగిలింది తర్వాతి 15 ఏళ్లలో.

బ్యాంకు లోను ఉందన్నారు కదా, అసలు చిక్కు అక్కడే. ఈజ్‌మెంట్ తర్వాతే తమ హక్కు అని బ్యాంకు ముందే రాసివ్వాలి. అబ్బాయికి అక్కడే ఇల్లు కట్టించాలనుంటే ఆ జాగా దస్తావేజులో ఇప్పుడే చూపించండి, తర్వాత చాలా కష్టం.

ఈజ్‌మెంట్ పేరుతో పెట్టుబడికి నాలుగైదు రెట్లు పన్ను మినహాయింపు ఇప్పిస్తామనే ఏజెంట్ల జోలికి మాత్రం పోకండి. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వాళ్ల వెంటే పడుతోంది.