హోమ్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కి నిజమైన దానిలా పనిచేసే జీపీఎస్ యాడ్-ఆన్ ఏది తీసుకోవాలి?

స్క్రీన్ ఎంత అందంగా ఉందని కాదు, లోపల నడిచేది ఏమిటో ముందు చూడండి. విమానాల్లో వాడే జీటీఎన్ 750 అనే టచ్‌స్క్రీన్ జీపీఎస్ నేర్చుకునే పైలట్ల కోసం దాని తయారీ సంస్థ గార్మిన్ ఇచ్చే ట్రైనర్ సాఫ్ట్‌వేర్‌నే రియాలిటీ ఎక్స్‌పీ, టీడీఎస్ లాంటి యాడ్-ఆన్‌లు వాడుకుంటాయి, అందుకే మెనూల దగ్గర్నుంచి అప్రోచ్‌ల (రన్‌వేకి దిగే దారుల) దాకా అన్నీ అసలు పరికరంలో లాగే వస్తాయి. ఎక్స్‌-ప్లేన్ అనే సిమ్యులేటర్ వాడేవాళ్లయితే తొందరపడకండి, గార్మిన్ పాత జీపీఎస్‌లు 430, 530 రెండూ అందులోనే ఉన్నాయి, నేర్చుకోడానికి అవి చాలు.

నాబ్‌లు, బటన్లు ఉన్న హార్డ్‌వేర్ ప్యానెల్ ఆఖర్న కొనండి. చాలావరకు అది ఉత్త ముఖమే, లెక్కలన్నీ కంప్యూటరే చేస్తుంది.

అన్నట్టు, నావిగేషన్ డేటా 28 రోజులకోసారి మారుతుంది. జీపీఎస్‌లో ఒక విడత డేటా, సిమ్యులేటర్‌లో ఇంకో విడతది ఉంటే కొన్ని వేపాయింట్లు (దారిలోని గుర్తు బిందువులు) ఎంత వెతికినా దొరకవు.