కట్టె పనికి కత్తి: పాఠకుల ప్రశ్నలు

చేను కాడ, మామిడి తోటల చిన్న చిన్న కట్టె పనులకు ఒక కత్తి కావాలె. మా ఊరి కమ్మరి లారీ కమాన్ పట్టాతోటి కొట్టి ఇస్తనంటున్నడు. తీసుకోవచ్చునా? ఎంత పొడుగు ఉండాలె?
– నర్సంపేట పాఠకుడు

తీసుకోండి, కానీ కొలతలు మీరే చెప్పండి. పిడి బయటి అలుగు 10 నుంచి 12 సెంటీమీటర్లు, అంచుకు ఎదురుగా ఉండే వీపు దగ్గర మందం 3 నుంచి 4 మిల్లీమీటర్లు చాలు. కమాన్ పట్టా అంతకంటే చాలా మందంగా వస్తుంది. దాన్ని కొలిమిలో సాగగొట్టకుండా అంచు ఒక్కటే సాన పడితే మాంసం కొట్టడానికి తప్ప కట్టె చెక్కడానికి పనికిరాదు. ఏళ్ల తరబడి లారీ కింద బరువు మోసిన పట్టాలో కంటికి కనపడని పగుళ్లు ఉండొచ్చు. కొత్త పట్టా ముక్క దొరికితే అదే ఇవ్వండి.

రెండో మాట తోక, అంటే పిడిలోకి పోయే ఉక్కు భాగం గురించి. కొడవలికి పెట్టినట్టు మేకులాంటి తోకను కాల్చి పిడిలో దిగగొడితే కోతకు సరిపోతుంది గానీ, వీపు మీద దెబ్బలు పడితే నెలలోనే వదులవుతుంది. ఉక్కు పిడి చివరిదాకా అదే వెడల్పుతో రావాలి, రెండు పక్కలా చెక్క పెట్టి మూడు రివిట్లు వేయించాలి.

అన్నిటికంటే ముఖ్యం పదును పట్టించడం, అంటే కాల్చి ముంచి ఉక్కును గట్టిపరచడం. పట్టా ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే పగిలే ప్రమాదం ఉంది. వేడి చేసిన నూనెలో ముంచమనండి. అప్పుడది గాజులాగా పెళుసుగా ఉంటుంది. ఆ పెళుసు పోవడానికి మళ్లీ 200 డిగ్రీల దగ్గర గంటసేపు చొప్పున రెండుసార్లు వేడి చేయాలి. ఓవెన్ లేకపోతే వీపు వైపు నుంచి మెల్లగా వేడి చేస్తూ, తుడిచిన ఉక్కు మీద ఎండుగడ్డి రంగు రాగానే ఆపాలి. నీలం రంగు దాకా పోతే అంచు మెత్తబడుతుంది. తీసుకునే ముందు అంచు మీద ఆకురాయి రాసి చూడండి. మామూలు ఇనుప మేకును కొరికినట్టు కొరికితే కత్తి మెత్తన. అసలేమీ కొరకకుండా జారిపోతే రెండోసారి వేడి చేయలేదన్నట్టే. జారుతూ జారుతూ ఏదో కాస్త గీకినట్టుండాలి. ఉక్కుకు పేరుపడ్డ కోనసముద్రం నిజామాబాద్ జిల్లాలోనే ఉంది. మన దిక్కున పని తెలిసిన కమ్మరికి కొరత లేదు, అడిగేవాళ్లే తక్కువ.

ఎండిన నల్లమద్ది కట్టె మీద కత్తి పెట్టి, వీపు మీద కొట్టి చీల్చబోతే అంచు పండ్లు పండ్లుగా విరిగింది. కత్తి నాసిదా?
– ములుగు పాఠకుడు

కత్తిని తప్పు పట్టే ముందు కట్టెను చూడాలి. ఎండిన నల్లమద్ది చేవకూ సండ్రకూ గొడ్డలే సరి. కత్తితో చీల్చే కట్టె అలుగు పొడవు కంటే కనీసం 3 సెంటీమీటర్లు సన్నగా ఉండాలి. కత్తి దిగిపోయాక కూడా మొన బయటికి కనపడితేనే దెబ్బ వేయడానికి చోటు దొరుకుతుంది. 10 సెంటీమీటర్ల కత్తికి 6, 7 సెంటీమీటర్ల కట్టె చాలు.

కణుపు ఉన్న ముక్కను పక్కన పడేయండి. అక్కడ నార మెలి తిరుగుతుంది, అంచు దాని వెంట వంగి విరుగుతుంది. కొట్టడానికి చేతికి పట్టేంత మందం కట్టె గూటం వాడాలి. సుత్తె, రాయి వద్దు. కట్టెను నేల మీద కాకుండా మొద్దు మీద నిలబెట్టండి, లేకపోతే చీలిన మరుక్షణం అంచు మట్టిలో గులకరాళ్లను తాకుతుంది. మొదటి దెబ్బలు మెల్లగా వేసి, అలుగు పూర్తిగా దిగాక మొన మీద కొడుతూ, పిడిని మొన కంటే కిందికి దిగనీయకుండా సమంగా పట్టుకోవాలి.

మధ్యలో ఇరుక్కుంటే పిడి పట్టి మెలి తిప్పేవాళ్లే ఎక్కువ. అంచు విరిగేది సరిగ్గా అక్కడే. పక్కన పెట్టుకున్న ఒక చెక్క చీలను పగులులో దిగగొడితే నోరు తెరుచుకుని కత్తి దానంతటదే వస్తుంది. మెలి తిప్పకుండానే విరిగితే మాత్రం ఉక్కు పెళుసు, కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ వేడి చేయించండి. విరగకుండా అంచు మడత పడితే ఉక్కు మెత్తన.

వానకాలం చిదుగులన్నీ తడిసినప్పుడు పొయ్యి ఎట్లా అంటించాలె?
– మంచిర్యాల పాఠకురాలు

నేల మీద పడినవి వదిలేసి, చెట్టుకే ఎండి వేలాడే మణికట్టు మందం కొమ్మ తీసుకోండి. పైన తడిసినా లోపల పొడిగా ఉంటుంది. నాలుగు చీలికలు చేసి, వేలు మందం చేవ ముక్కను మొద్దుకు ఆనించి, కత్తిని పైనుంచి కిందికి పొడుగ్గా తోయండి. మణికట్టు బిగించి భుజంతో తోస్తే పొర సన్నగా చుట్టుకుని కట్టెకే అంటుకుని ఉంటుంది. పొర తెగి పడిపోతుంటే కోణం ఎక్కువైనట్టు. ప్రతి కోతకూ కట్టెను కొంచెం తిప్పండి, అంచు గీతల మీద కోస్తేనే సన్నని పొరలు లేస్తాయి. ఇలాంటివి నాలుగైదు చేసుకోండి. ఆ పొరలను అగ్గిపుల్లకు బదులు నిప్పురవ్వల కడ్డీతో (గీకితే రవ్వలు రాల్చే లోహపు కడ్డీ) అంటించేటట్టయితే, దాన్ని గీకడానికి కత్తి వీపు మూలను వాడాలి, అంచును వాడితే ఆ చోట పదును పోతుంది. ఇంకొక మాట: రెండు కణుపుల మధ్య మూసుకున్న పచ్చి వెదురును మంటలో వేయకండి. లోపలి గాలి, తేమ వేడెక్కి పేలుతుంది. చీల్చి వేస్తే ఇబ్బంది లేదు.

గరిటె చెక్కడానికి ఏ కట్టె మంచిది?
– నిర్మల్ పాఠకుడు

మీ ఊరి బొమ్మల పొనికి తేలిక, చెక్కడానికి హాయి, కానీ గరిటెకు మరీ మెత్తన. పాలకొడిసె తెల్లగా, నునుపుగా వస్తుంది. గన్నేరు, ముష్టి, నల్లజీడి జోలికి పోవద్దు. గన్నేరు విషం. నల్లజీడి రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. చెక్కేటప్పుడు కట్టెను తొడ మీద పెట్టుకోకండి. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, కోత మోకాళ్ల అవతల పడేలా కూర్చోండి. తొడ లోపలి పెద్ద రక్తనాళం తెగితే ఆసుపత్రికి చేరే వ్యవధి ఉండదు.

ఏటూరునాగారం, పాఖాల, కవ్వాల్ వైపు పోయేటప్పుడు కత్తి బ్యాగులో పెట్టుకోవచ్చా?
– హనుమకొండ పాఠకుడు

అభయారణ్యంలోకి వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అనే మాట కిందికి కత్తి కూడా వస్తుంది, రాతపూర్వక అనుమతి లేకుండా తీసుకుపోవడం నేరం. అక్కడ నిప్పు పెట్టడమూ నేరమే. ఇవన్నీ సొంత చేనులో చేసుకునే పనులు. బయట కూడా అలుగు పొడవు 9 అంగుళాలు గానీ, వెడల్పు 2 అంగుళాలు గానీ దాటితే ఆయుధ చట్టం లెక్కలోకి రావచ్చు. 12 సెంటీమీటర్ల కత్తి అంటే 5 అంగుళాలు కూడా లేదు. అయినా బస్సులో, జాతరలో నడుముకు కట్టుకుని తిరగకండి.

తోలు ఒరలోనే పెట్టినా తుప్పు ఎందుకు పడుతుంది?
– జగిత్యాల పాఠకుడు

తోలు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి. ఒర ప్రయాణానికే. ఇంట్లో కత్తిని తుడిచి, రెండు చుక్కల కొబ్బరినూనె రాసి, బయటే పెట్టండి. చింతకాయ, మామిడికాయ కోస్తే వెంటనే కడగండి.