షెల్టర్ కుక్కని తెచ్చుకున్నాక వచ్చే వెట్ బిల్లులు: ముందే తెలుసుకోవలసినవి

ఈ మధ్యే డాలస్ వచ్చిన ఒక జంట అడిగారు. షెల్టర్ నుంచి రెండేళ్ల కుక్కని తెచ్చుకున్నారట. అడాప్షన్ ఫీజు వంద డాలర్ల లోపే. రేబిస్ టీకా, స్టెరిలైజేషన్ ఆపరేషన్, మైక్రోచిప్ అన్నీ అందులోనే. రెండు నెలలకి వెట్ (పశువైద్యులు) రక్తపరీక్ష చేసి హార్ట్‌వర్మ్, అంటే గుండెలో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పెరిగే పురుగు, ఉందన్నారు, వెయ్యి డాలర్లు దాటే ఎస్టిమేట్ చేతికిచ్చారు. షెల్టర్ ఇచ్చిన కాగితం మీద మాత్రం ‘హార్ట్‌వర్మ్ నెగటివ్’ అని ఉంది. మోసపోయామా, కుక్కని వెనక్కి ఇచ్చేయాలా అన్నది వాళ్ల ప్రశ్న.

మోసం కాదండీ. వెనక్కీ ఇవ్వొద్దు. హార్ట్‌వర్మ్ దోమకాటుతో వస్తుంది. టెక్సాస్, లూసియానా, మిసిసిపీ లాంటి దక్షిణ రాష్ట్రాల్లో ఇది చాలా ఎక్కువ. దోమ కుట్టాక లోపలికి వెళ్లిన పిల్లపురుగు ఎదిగి పరీక్షకి అందడానికి దాదాపు 6 నెలలు పడుతుంది. ఆ లోపు ఎన్నిసార్లు పరీక్ష చేసినా నెగటివే వస్తుంది. వీధిలో తిరిగిన కుక్కని ఏ దోమ ఎప్పుడు కుట్టిందో షెల్టర్‌కి ఎలా తెలుస్తుంది? అందుకే ఆ కాగితాన్ని నమ్మి ఊరుకోకుండా 6 నెలలకి మళ్లీ పరీక్ష చేయించాలి. నెలనెలా వేసే నివారణ మాత్ర మొదటి వారం నుంచే మొదలుపెట్టాలి. చికిత్స ఖర్చుతో చూస్తే ఆ మాత్ర ఖర్చు ఎంత తక్కువో!

జబ్బు బయటపడితే చికిత్స ఉంది, చాలా కుక్కలు కోలుకుంటాయి. ముందు ఒక నెల డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. ఆ తర్వాత పురుగులని చంపే మెలార్సోమిన్ ఇంజెక్షన్లు మూడు: మొదటిది ఒకటి, నెల ఆగి 24 గంటల తేడాతో మిగతా రెండు. ఈ నెలలన్నీ కుక్క పరుగెత్తకూడదు, గెంతకూడదు. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టే ఇంత కట్టడి. ఇంజెక్షన్లు మానేసి నెలమాత్రతోనే నెమ్మదిగా నయం చేసుకుందామని కొందరు సలహా ఇస్తారు. అమెరికన్ హార్ట్‌వర్మ్ సొసైటీ ఆ పద్ధతిని సిఫారసు చేయదు, ఎందుకంటే అన్నాళ్లూ పురుగులు గుండెనీ ఊపిరితిత్తులనీ దెబ్బతీస్తూనే ఉంటాయి. బిల్లు చూసి ఆ దారి పట్టకండి. దానికన్నా ముందు షెల్టర్‌కి ఫోన్ చేయండి. హార్ట్‌వర్మ్ చికిత్సలో సాయం చేసే షెల్టర్లు, రెస్క్యూ సంస్థలు దక్షిణ రాష్ట్రాల్లో చాలానే ఉన్నాయి. అడిగినవాళ్లకే ఆ సంగతి తెలుస్తుంది.

ఇంకా కుక్కని తెచ్చుకోని వాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఇన్సూరెన్స్ ముందు, వెట్ తర్వాత. ఇక్కడి పెట్ ఇన్సూరెన్సులు పాలసీకి ముందే కనిపించిన జబ్బుకి డబ్బివ్వవు. మొదటి చెకప్‌లో వెట్ ‘చెవిలో ఇన్ఫెక్షన్, కుడికాలు కుంటుతోంది’ అని రాశాక పాలసీ తీసుకుంటే, ఆ చెవీ ఆ కాలూ పాత జబ్బు కింద పడిపోతాయి. పైగా పాలసీ తీసుకున్న వెంటనే అమల్లోకి రాదు. జబ్బులకి సాధారణంగా 14 రోజుల వెయిటింగ్ ఉంటుంది, మోకాలి లిగమెంటుకి కొన్ని కంపెనీల్లో 6 నెలలు కూడా. కుక్కని ఇంటికి తెచ్చే రోజునే పాలసీ తీసేసుకోండి. కొన్ని షెల్టర్లు తొలి నెలకి ట్రయల్ పాలసీ ఇస్తాయి, దాన్నీ వదులుకోవద్దు. మన ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌లా కోపే (మన వంతు చిన్న మొత్తం) కట్టి వచ్చేయడం దాదాపు ఉండదు. మొత్తం బిల్లు మీరే కట్టి, తర్వాత క్లెయిమ్ పెట్టుకుంటే డిడక్టిబుల్ (ముందుగా మనమే భరించాల్సిన మొత్తం) పోను 70 నుంచి 90 శాతం దాకా తిరిగొస్తుంది. అంటే ఇన్సూరెన్స్ ఉన్నా సేవింగ్స్‌లో ఒకటి రెండు వేల డాలర్లు విడిగా ఉండాల్సిందే. మన వైద్యం కోసం పన్ను లేకుండా దాచుకునే హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏ ఖాతాల డబ్బు పెంపుడు జంతువులకి పనికిరాదు.

ఆ డబ్బు లేకపోతే వెట్ దగ్గర కేర్ క్రెడిట్ అనే వైద్య ఖర్చుల క్రెడిట్ కార్డు చూపిస్తారు. ఆరు నెలలు, ఏడాది వడ్డీ లేదంటారు కానీ, గడువులోగా ఒక్క డాలరు మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ వేస్తారు. పైగా కొత్తగా వచ్చిన హెచ్1బీ వాళ్లకీ ఎఫ్1 విద్యార్థులకీ క్రెడిట్ చరిత్ర ఉండదు కాబట్టి ఆ కార్డు దొరక్కపోవచ్చు. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో దాని మీద ఆశపెట్టుకోవద్దు.

వెట్ ముందు ఖరీదు మాట ఎత్తడానికి మనవాళ్లు మొహమాటపడతారు. ‘కుక్క మీద ప్రేమ లేదనుకుంటారేమో’ అన్న భయం. మన నారాయణగూడ పశువుల ఆసుపత్రికి అలవాటుపడ్డవాళ్లు ఇక్కడి అంకెలని రూపాయల్లోకి మార్చుకుంటే గుండె గుభేలుమనడం సహజమే. అడగండి, ఇక్కడ ఎవరూ తప్పుపట్టరు. రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకోండి. ఏది ఇవాళే చెయ్యాలి, ఏది వారం ఆగితే నష్టం లేదు అని విడదీసి చెప్పమనండి. మందుకి ప్రిస్క్రిప్షన్ రాసివ్వమంటే బయట కాస్ట్‌కోలో కొనుక్కోవచ్చు, చాలా మందులు అక్కడ చవక. టీకాలకి తక్కువ ఖర్చు క్లినిక్కులు ఉంటాయి. పెద్ద ఆపరేషన్ అంటే మరొక వెట్‌ని కూడా అడగండి; కాలేజ్ స్టేషన్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం వెటర్నరీ ఆసుపత్రి ఉంది.

మొదటి రెండు వారాల్లో దగ్గు వస్తే అది చాలావరకు షెల్టర్‌లో అంటిన కెన్నెల్ కాఫ్ అనే అంటుదగ్గు. షెల్టర్‌కి చెప్పండి, చాలాచోట్ల వాళ్లే చూస్తారు. టీకాలు పూర్తికాని కుక్కపిల్లకి వాంతులు, రక్త విరేచనాలైతే మాత్రం పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కావచ్చు. అప్పుడు ఫోన్ కాదు, కారెక్కి వెళ్లిపోవాలి.

మన వంటింటి వల్ల వచ్చే బిల్లులూ ఉన్నాయి. పరమాన్నంలో కిస్‌మిస్, ద్రాక్షపళ్లు కుక్క కిడ్నీలని పాడుచేస్తాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి, కాబట్టి బిర్యానీ, కూరన్నం మిగిలిందని గిన్నెలో వెయ్యకండి. పెరుగన్నం పెడదామంటే తాలింపు లేకుండా, కొద్దిగానే. ఊరి నుంచి తెచ్చుకున్న డోలో మాత్ర గానీ ఐబుప్రొఫెన్ గానీ వెట్‌ని అడగకుండా ఎప్పుడూ వెయ్యొద్దు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తే ఈ సంగతి మొదటి రోజే చెప్పి, ఫ్రిజ్ మీద కాగితం అంటించండి. ప్రేమతో పెట్టే ఆ చిన్న ముద్దలకే కుక్కలు ఎమర్జెన్సీకి వెళ్తుంటాయి. అక్కడ చూసే ఫీజే వంద డాలర్ల పైన, పరీక్షలూ సెలైనూ వేరు.

ఇక ఆ డాలస్ జంటకి: పాలసీ ఇప్పుడు తీసుకున్నా ఈ హార్ట్‌వర్మ్‌కి పనికిరాదు, రేపటి వేరే జబ్బులకి పనికొస్తుంది కాబట్టి తీసుకోండి. షెల్టర్‌కి రేపు పొద్దునే ఫోన్ చేసి సాయం అడగండి. డాక్సీసైక్లిన్ దశలో ఉన్న నెలని డబ్బు సర్దుకోవడానికి వాడుకోండి. ఇంజెక్షన్ల డబ్బు విడతలుగా కట్టించుకుంటారేమో వెట్‌ని అడగండి. ఈలోగా కుక్కని లీష్ లేకుండా బయటికి వదలకండి.