పొలం అమ్మే ముందు అమ్మాయి చేత ఒక లెక్క చేయించండి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. రెండేళ్లుగా విమానాల ధ్యాసే. గాల్లో ఇంజిన్లు ఆగిపోయినా పైలట్లు క్షేమంగా దింపిన సంఘటనలన్నీ వెతికి ఒక నోట్‌బుక్కులో రాసుకుంటుంది. పైలటే అవుతానంటోంది. అహ్మదాబాద్ ప్రమాదం చూసినప్పటి నుంచి వాళ్లమ్మ వద్దంటే వద్దంటోంది. ఖర్చు అరకోటి పైనే అంటున్నారు. పొలం అమ్మితే తప్ప మా వల్ల కాదు. ఇది నిజమైన ఆసక్తా, వీడియోలు చూసి పుట్టిన మోజా? తేల్చుకోవడం ఎలా?

జవాబు: నమస్కారమండీ. మీ ఉత్తరంలో నాకు ముందుగా నచ్చింది ఆ నోట్‌బుక్కు. పైలట్ అవుతానని వచ్చే పిల్లల్లో చాలామంది యూనిఫాం గురించి, జీతం గురించి, దేశాలు తిరగడం గురించి మాట్లాడతారు. ఏం జరిగింది, ఎలా గట్టెక్కారు అని కూర్చుని రాసుకునేవాళ్లు తక్కువ. అందుకే దీన్ని మోజని కొట్టిపారేయలేను. అయితే ఆమె ఏ భాగం రాసుకుంటోందో చూడాలి. చివర్లో ప్రయాణికులు చప్పట్లు కొట్టిన భాగమా, మధ్యలో కాక్‌పిట్‌లో ఇద్దరూ చేసిన పని భాగమా? మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఆ నోట్‌బుక్కులో కెనడాలోని గిమ్లీ సంఘటన ఉండే ఉంటుంది. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి మాంట్రియల్ నుంచి ఒటావా మీదుగా ఎడ్మంటన్ వెళుతూ, 41 వేల అడుగుల ఎత్తున ఉండగా ఇంధనం అయిపోతూ వచ్చి, ఒకదాని తర్వాత ఒకటిగా రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. అందులో 69 మంది ఉన్నారు. అందరూ బతికారు. ఇంతవరకు ఆమెకు తెలిసే ఉంటుంది. ఇంధనం ఎందుకు అయిపోయిందో అడగండి. చెప్పలేకపోతే కాగితం, పెన్సిలు ఇచ్చి ఈ లెక్క చేయించండి.

ఆ రోజు విమానంలో ఇంధనం చూపించే మీటర్లు పనిచేయడం లేదు. ట్యాంకుల్లో కొలకర్రలతో కొలిస్తే 7,682 లీటర్లు ఉన్నట్టు తేలింది. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. ఇంకా ఎన్ని లీటర్లు నింపాలి? లీటరు ఇంధనం బరువు సుమారు 0.803 కిలో. అదే పౌండ్లలో అయితే 1.77. కెనడా అప్పుడే మెట్రిక్ పద్ధతికి మారుతోంది. ఆ కంపెనీ విమానాల్లో కిలోల లెక్కన నడిచేది కొత్తగా వచ్చిన ఈ 767లే. అలవాటు కొద్దీ అందరూ 1.77తో గుణించారు, వచ్చినదాన్ని కిలోలనుకున్నారు. 13,597 ఉన్నట్టు తేలింది, మిగతాదానికి 4,916 లీటర్లు నింపి పంపారు. నిజానికి నింపాల్సింది 20 వేల లీటర్ల పైచిలుకు. మీ అమ్మాయి ఈ లెక్క తానే చేసుకుని, తప్పు ఏ మెట్టులో దొర్లిందో వేలు పెట్టి చూపించి, “మరి ఒటావాలో ఎందుకు పట్టుకోలేదు?” అని మిమ్మల్నే ఎదురడిగిందంటే, ఆమెకు ఈ వృత్తి పనికొస్తుందని నేను ధైర్యంగా చెబుతాను. ఒటావాలో మళ్లీ కొలిచారు, మళ్లీ అదే 1.77 వాడారు. పైలట్ ఉద్యోగంలో ఎక్కువ రోజులు ఇలాంటి పనే ఉంటుంది. బరువు, ఇంధనం, గాలి వేగం, రన్‌వే పొడవు, వీటిని ఇద్దరు వేర్వేరుగా సరిచూసుకోవడం. విసుగు పుట్టని వాళ్లే ఇందులో నిలబడతారు.

తర్వాత జరిగింది కూడా వినండి, ఎందుకంటే మీ డబ్బు దేనికి ఖర్చవుతుందో అందులో ఉంది. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు ఇంజినే లేని గ్లైడర్లు నడపడం సరదా. కో-పైలట్ మారిస్ క్వింటాల్ ఒకప్పుడు గిమ్లీలోని వాయుసేన స్థావరంలో పనిచేశాడు. ఎంత దూరం పోతే ఎన్ని అడుగులు కిందికి దిగుతున్నామో క్వింటాల్ లెక్కగట్టి విన్నిపెగ్ అందదని తేల్చాడు, గిమ్లీ పాత రన్‌వే అందుతుందన్నాడు. తీరా దగ్గరికొచ్చేసరికి ఎత్తు ఎక్కువైంది. ఇంజిన్లు లేవు కాబట్టి చుట్టు తిరిగి మళ్లీ రావడం కుదరదు. పియర్సన్ తోక మీది చుక్కాని లాంటి రడ్డర్‌ను ఒకవైపు, రెక్కల వాలును మరోవైపు ఉంచి, ఆ పెద్ద విమానాన్ని ఏటవాలుగా జార్చి ఎత్తు తగ్గించాడు. దాన్ని స్లిప్ అంటారు. గ్లైడర్లలో, చిన్న విమానాల్లో నేర్చుకునే విద్య. ఆ రన్‌వేను అప్పటికి కార్ల పందేలకు వాడుతున్నారు, చివర్లో కుటుంబాలు గుడారాలు వేసుకుని ఉన్నాయి. ముందు చక్రం సరిగా దిగకపోవడంతో ముక్కు నేలకు రాసుకుంటూ పోయి, వాళ్లకు ముందే విమానం ఆగింది. దించిన పైలట్లకు మెప్పు వచ్చింది, ఇంధనం చూసుకోనందుకు కంపెనీ శిక్ష కూడా వేసింది. నాకు ఆ రెండూ న్యాయంగానే అనిపిస్తాయి.

న్యూయార్క్‌లోని హడ్సన్ నది సంగతి చాలామందికి తెలిసిందే, కాబట్టి ఒక్క మాటే. 2009 జనవరి 15న ఇంజిన్లు ఆగిపోయిన ఎయిర్‌బస్ ఎ320ని నది మీద దించి 155 మందినీ కాపాడిన కెప్టెన్ సలెన్‌బర్గర్, టెక్సాస్‌లో పదహారేళ్ల వయసులో చిన్న ఏరోంకా విమానం మీద నేర్చుకున్నవాడు. తర్వాత గ్లైడర్లూ నడిపాడు. ఆ రోజు పక్కన కో-పైలట్ జెఫ్రీ స్కైల్స్ చెక్‌లిస్ట్ చదువుతూ ఇంజిన్లు మళ్లీ రాజేసే ప్రయత్నంలో ఉన్నాడు. నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఏ రన్‌వే కావాలంటే అది ఖాళీ చేయించే పనిలో ఉన్నాడు. ముగ్గురు క్యాబిన్ సిబ్బంది జనాన్ని బయటికి పంపారు. నది మీది ఫెర్రీలు నిమిషాల్లో చేరుకున్నాయి. ఒక్కడే హీరో అన్నట్టు చెప్పే వీడియోల్లో ఇవన్నీ కొట్టుకుపోతాయి.

నేను చెప్పదలచుకున్నది ఇదేనండీ. మీ అమ్మాయికి నచ్చిన ఆ ఘట్టాలన్నీ పెద్ద విమానాల్లో జరిగాయి గానీ, వాటికి కావలసిన చెయ్యి చిన్న విమానాల్లో తిరిగింది. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కావలసిన 200 గంటల ఎగిరే అనుభవమూ దాదాపుగా అలాంటి చిన్న విమానాల్లోనే వస్తుంది. అందులో 100 గంటలు తనే కమాండ్‌లో ఉండాలి. 300 నాటికల్ మైళ్ల (సుమారు 555 కిలోమీటర్ల) ప్రయాణం ఒకటి తానుగా చేసి రావాలి. కాబట్టి ఏ ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం వస్తుందన్నది తర్వాతి మాట, ఆ 200 గంటలు ఎవరి దగ్గర, ఎలా గడుస్తాయన్నది ముందు మాట.

చిన్న విమానాల చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం మనవాళ్లదే. ఇంగ్లండ్, ఇండియాల మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి బహుమతి ఇస్తానని ఆగాఖాన్ ప్రకటించాడు. 1930లో అస్పీ ఇంజనీర్ అనే కుర్రాడు ఇంగ్లండ్ నుంచి, జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బయల్దేరారు. అస్పీ ఈజిప్టులోని అబూకిర్‌లో స్పార్క్ ప్లగ్గులు లేక చిక్కుకుపోయాడు. అక్కడ దిగిన జేఆర్‌డీ పోటీలో ఉన్నవాడేనని తెలిసీ తన దగ్గరున్న స్పేర్ ప్లగ్గులు ఇచ్చేశాడు. బహుమతి అస్పీకే దక్కింది. ఆయన తర్వాత మన వైమానిక దళాధిపతి అయ్యాడు. జేఆర్‌డీ 1932 అక్టోబర్ 15న పుస్ మాత్ అనే చిన్న విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా మోసుకొచ్చాడు. ఎయిర్ ఇండియాకు మొదలు అదే. ఈ కథ మీ అమ్మాయి నోట్‌బుక్కులో లేకపోతే రాసుకోమనండి.

ఆడపిల్ల కదా అని మీరు రాయలేదు గానీ, చుట్టాలు అనే ఉంటారు. ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ 1947లో లైసెన్సు తీసుకుని తిరిగితే కంపెనీలు వరసగా కాదన్నాయి. చివరికి కో-పైలట్‌గా తీసుకున్నది మన హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్. బేగంపేట నుంచి నడిచిన కంపెనీ అది. ఇటీవలి సంగతి చూస్తే, విజయవాడలో పెరిగిన అన్నీ దివ్య పదిహేడేళ్లకు ఉత్తరప్రదేశ్ ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరింది. మొదట్లో ఇంగ్లిష్‌తో చాలా ఇబ్బంది పడ్డానని ఆమే చెప్పుకుంది. ముప్పై ఏళ్లకు బోయింగ్ 777 కమాండర్ అయింది. మీ అమ్మాయి తెలుగు మీడియంలో చదివినా బెంగ పెట్టుకోకండి. రోజూ కాసేపు ఇంగ్లిష్‌లో గట్టిగా చదవడం ఇప్పుడే మొదలుపెట్టించండి, రేడియోలో మాట్లాడాల్సింది అందులోనే.

వాళ్లమ్మ గారి భయం గురించి. ఆ భయాన్ని తీసిపారేయకండి, “నీకు తెలీదు ఊరుకో” అనకండి. 2025 జూన్ 12 నాటి అహ్మదాబాద్ దృశ్యాలు చూసిన ఏ తల్లికైనా అలాగే ఉంటుంది. ఆమెకు చెప్పదగినది ఒకటుంది. ఈ రంగంలో ప్రతి ప్రమాదాన్నీ విప్పి చూస్తారు, దొరికిన కారణాన్ని నియమంగా మారుస్తారు. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రి మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయారు. ఆ తర్వాతే మన గగనతలంలో తిరిగే విమానాలకు, ఎదురుగా వచ్చేదాన్ని పసిగట్టి హెచ్చరించే పరికరం తప్పనిసరి అయింది. ఇంకొకటి కూడా ఆమెకు దాచకుండా చెప్పాలి. శిక్షణలో చిన్న విమానాలకూ ప్రమాదాలు జరుగుతాయి. అందుకే స్కూలు ఎంపిక దగ్గర రాజీ పడొద్దంటున్నాను.

ఇక డబ్బు. ముందు తక్కువ ఖర్చయ్యేవి చేయండి, పొలం మాట ఆఖరున. అన్నిటికంటే ముందు వైద్య పరీక్ష. డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్, అది పాసయ్యాక క్లాస్ 1. కళ్లద్దాలుంటే ఫర్వాలేదు, అద్దాలతో చూపు సరిగా వస్తే చాలు. రంగులు గుర్తుపట్టలేకపోతే మాత్రం కష్టం. క్లాస్ 1 చేతికి రాకముందు ఏ స్కూలుకూ పెద్ద మొత్తం కట్టకండి. ఫీజు కట్టాక మెడికల్‌లో ఆగిపోయిన పిల్లల్ని చూశాను, ఆ డబ్బు వెనక్కి రావడం మహా కష్టం.

ఆ తర్వాత డీజీసీఏ రాత పరీక్షలు. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, రెగ్యులేషన్స్, టెక్నికల్. 70 శాతం వస్తేనే పాసు. రేడియో లైసెన్సు పరీక్ష వేరే. వీటిని ఇంట్లో కూర్చుని చదివి రాయొచ్చు, విమానం ఎక్కక్కర్లేదు. ఇవి గట్టెక్కితే ఆమె పట్టుదల మీకూ తెలుస్తుంది, ఆమెకూ తెలుస్తుంది. ఇంటర్ అవగానే ఉడాన్ అకాడమీ ప్రవేశ పరీక్ష రాయించండి. ఇంగ్లిష్, మ్యాథ్స్, ఫిజిక్స్, రీజనింగ్ ఉంటాయి, ఎంపీసీ పిల్లలకు కొత్తేం కాదు. డిగ్రీలో చేరితే ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉన్న కాలేజీ చూసుకోండి. మైక్రోలైట్ అనే తేలికపాటి విమానంలో ఎగిరే అవకాశం దాదాపు ఖర్చు లేకుండా దొరుకుతుంది. నిజంగా గాల్లోకి లేచాక కడుపులో తిప్పినా మళ్లీ ఎక్కుతానంటుందా లేదా అన్నది వీడియోల్లో తేలదు.

స్కూలు చూడ్డానికి వెళ్లినప్పుడు ఆఫీసులో కూర్చోబెట్టి చూపించే రంగుల పుస్తకం పక్కన పెట్టండి. హ్యాంగర్‌లోకి తీసుకెళ్లమనండి. ఎన్ని విమానాలు ఉన్నాయని కాదు, ఈ రోజు ఎన్ని ఎగురుతున్నాయని అడగండి. ఏడాది కింద చేరిన ఒక విద్యార్థితో విడిగా మాట్లాడండి, లాగ్‌బుక్కు చూపించమనండి. నెలకు ఎన్ని గంటలు పడ్డాయో అందులో తేదీలతో సహా ఉంటుంది. వానాకాలంలో, పొగమంచు నెలల్లో ఖాళీగా ఉన్న పేజీలు కూడా కనిపిస్తాయి. ఏడాదిన్నరలో పూర్తవుతుందని చెప్పిన కోర్సు మూడేళ్లు సాగితే హాస్టలు ఖర్చు మీదే. ఫీజు ఒకేసారి కట్టమంటే ఒప్పుకోకండి, గంటలు పూర్తయ్యే కొద్దీ వాయిదాల్లో కడతామని కాగితం మీద రాయించుకోండి.

లైసెన్సు చేతికొచ్చాక ఖర్చు అయిపోదు. ఎ320 లాంటి విమానం నడపడానికి టైప్ రేటింగ్ అనే శిక్షణ విడిగా చేయాలి, దానికి మళ్లీ లక్షలు. ఉద్యోగానికి ఏడాదో, అంతకంటే ఎక్కువో ఎదురుచూడాల్సి రావచ్చు. కాబట్టి ఉన్నదంతా అమ్మి మొదటి లైసెన్సుకే పెట్టేసే పద్ధతి వద్దు. మెడికల్, రాత పరీక్షలు అయ్యాక కొంత విద్యా రుణం, కొంత పొలం అన్న దారి ఆలోచించండి. వడ్డీ మొదటి నెల నుంచే పెరుగుతుందని లెక్కలో వేసుకోండి. ఈ లెక్క కూడా మీ అమ్మాయి చేతే వేయించండి. ఇంటి మీద పడే భారం ఎంతో ఆమెకు అంకెల్లో తెలియడం మంచిది.

మెడికల్‌లో ఆగిపోతే ఈ రంగం తలుపులన్నీ మూసుకుపోయినట్టు కాదు. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ, బీటెక్ గానీ చేసి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్ష రాస్తే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ కావచ్చు. 27 ఏళ్ల లోపు ఉండాలి. అక్కడా వైద్య పరీక్ష ఉంటుంది, దాని ప్రమాణాలు వేరు. చేతిపని ఇష్టమైతే ఇంటర్ తర్వాత ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరింగ్ ఉంది, ఖర్చు పైలట్ శిక్షణలో చిన్న వంతే. విమానాలను విప్పి బాగుచేసే పెద్ద హ్యాంగర్లు శంషాబాద్‌లోనే ఉన్నాయి. ఈ కోర్సులో చేరేటప్పుడు మాత్రం ఆ సంస్థకు డీజీసీఏ అనుమతి ఇప్పటికీ అమల్లో ఉందో లేదో డీజీసీఏ వెబ్‌సైట్‌లోని జాబితాలో స్వయంగా చూసుకోండి. బోర్డు మీద రాసింది నమ్మి ఫీజు కట్టకండి.