పారిస్ కంటే ముందు తేల్చుకోవాల్సిన మాట

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాం. బాబుకి ఐదేళ్లు, పాపకి ఏడాదిన్నర. కిందటిసారి వీకెండ్‌కి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తే పాప పాలకీ నిద్రకీ ఆగడంతోనే సరిపోయింది. తిరిగొచ్చేటప్పుడు స్టేషన్‌లో బాబు వింటుండగానే మా ఆయన "మీ అమ్మతో వస్తే ఇంతేరా, ఏదీ చూడనివ్వదు" అన్నారు. ఇప్పుడు నన్ను అడక్కుండా జూన్‌లో పారిస్‌కి యూరోస్టార్ రైలు టికెట్లు తీశారు. శనివారం పొద్దున వెళ్లి డిస్నీల్యాండ్, ఆదివారం లూవ్ర్ మ్యూజియం, ఈఫిల్ టవర్, నదిలో బోటు చూసుకుని రాత్రికి ఇంటికి రావాలట. రానంటే "నువ్వెప్పుడూ ఇంతే" అంటారు. అత్తగారు ఫోన్‌లో "వాడు సరదాపడుతుంటే అడ్డం చెప్పకమ్మా" అంటున్నారు. నేనేం చెయ్యాలి?

జవాబు: పారిస్ సంగతి కాసేపు పక్కన పెడదాం. మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ స్టేషన్‌లో అన్న మాట. అలిసిపోయి అన్నారని సర్దుకుపోయి ఉంటారు, కానీ ఐదేళ్ల పిల్లాడికి అలాంటివి బాగా గుర్తుంటాయి, రేపు వాడికి ఏదైనా దొరక్కపోతే "అమ్మ వల్లే" అనడం నేర్చుకుంటాడు. కాబట్టి ఈ ట్రిప్‌కి వెళ్లినా మానేసినా ఆ విషయం మాత్రం మీ ఆయనతో మాట్లాడాల్సిందే. పిల్లలు పడుకున్నాక, ఇద్దరికీ ఆఫీసు హడావిడి లేని రోజు చూసుకుని, "ఆ రోజు మీరు బాబు ముందు అలా అన్నారు, నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, మన మధ్య ఏమున్నా వాడి ముందు వద్దు" అని అంతవరకే చెప్పండి. అదే ఊపులో టికెట్ల గొడవ, అత్తగారి ఫోను కూడా కలిపేస్తే ఆయన వాటికి జవాబులు చెప్పుకుంటూ పోతారు, అసలు మాట గాలికి పోతుంది.

ఇక ఆయన వైపు నుంచి కూడా ఒకటి చూడండి. మన పాస్‌పోర్ట్ మీద యూరప్ వెళ్లాలంటే షెంజెన్ వీసా (అక్కడి చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) కావాలి, పెద్దవాళ్లకి తలకి 90 యూరోలు, ఆపైన కాగితాలు, అపాయింట్‌మెంట్ కోసం వెతుకులాట. ఇంత చేశాక నాలుగు చోట్లు కూడా చూడకపోతే డబ్బు దండగ అయినట్టు అనిపిస్తుంది, పైగా ఊళ్లోవాళ్లకి ఫోటోలు పంపాలి. ఇది స్వార్థం అని నేను అనను. కానీ ఆయన ట్రిప్‌ని చూసిన చోట్లతో లెక్కేస్తున్నారు, మీరు పిల్లలు తిన్నారా పడుకున్నారా అని లెక్కేస్తున్నారు. ఈ రెండు లెక్కలూ ఎవరి మనసులో వాళ్లకి ఉండిపోతున్నాయి, ఎదురెదురుగా కూర్చుని కలిపి చూసుకున్నదే లేదు.

అందుకే ఆయన ప్లాన్‌ని ఆయన చేతే గంటల్లోకి విడగొట్టించండి. మీరు చెప్తే సాధింపులా వినిపిస్తుంది, ఆయనే కాగితం మీద రాస్తే ఆయనకే తెలుస్తుంది. శనివారం పొద్దున బండి అంటే రెడింగ్ నుంచి లండన్ చేరాలి, యూరోస్టార్ బయల్దేరే సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో చెకింగ్, ఫ్రెంచ్ వాళ్ల పాస్‌పోర్ట్ తనిఖీ కూడా అక్కడే, కాబట్టి చాలా ముందే ఉండాలి, అంటే పిల్లల్ని తెల్లవారుజామునే లేపాలి. రైల్లో రెండుంపావు గంటల పైనే. దిగేసరికి పారిస్ గడియారం గంట ముందుంటుంది, అదొక గంట పోయినట్టే. డిస్నీల్యాండ్ పారిస్‌లో లేదు, ఊరికి తూర్పున ముప్పై కిలోమీటర్ల పైనే, మళ్లీ రైలు మారి వెళ్లాలి. అప్పటికి మధ్యాహ్నం, పాప నిద్ర టైము. అంత టికెట్ పెట్టి సగం రోజు డిస్నీ ఎందుకు? అది బాబుకి ఏడెనిమిదేళ్లు వచ్చాక చూసుకోవచ్చు, ఇప్పటికి తీసేయమని నా సలహా.

లూవ్ర్ కూడా తీసేయొచ్చు. మోనాలీసా ముందు జనంలో స్ట్రోలర్‌తో నిలబడి పాపని ఊరుకోబెట్టడం ఎవరికి సరదా? మీ ఆయనకి నిజంగా చూడాలని ఉంటే ఆదివారం పొద్దున ఆయన ఒక్కరే వెళ్లి చూసి రానివ్వండి, మనస్ఫూర్తిగా పంపండి. ఆ టైముకి మీరు పిల్లలతో లగ్జంబర్గ్ గార్డెన్‌కి వెళ్లండి, అక్కడ కొలనులో చిన్న తెరచాప పడవలు అద్దెకిస్తారు, పిల్లలు కర్రతో తోస్తూ ఆడుకుంటారు, మీ బాబు అక్కణ్ణుంచి కదలడు. మధ్యాహ్నం ఆయన పిల్లల్ని చూసుకోవాలి, అంతే సమయం మీది, కాఫీ తాగుతారో షాపులు తిరుగుతారో ఊరికే కూర్చుంటారో మీ ఇష్టం. ఇది బేరం కాదు, ఇద్దరూ సెలవు మీదే వెళ్తున్నారు కదా.

ఈఫిల్ టవర్ ఉంచండి. కాకపోతే జూన్‌లో అక్కడ పొద్దు గుంకేసరికి రాత్రి పది అవుతుంది. గంట గంటకీ ఐదు నిమిషాలు టవర్ మిలమిల మెరిసేది చీకటి పడ్డాకే, ఆ వెలుగుల కోసం పిల్లల్ని మేల్కొలిపి ఉంచితే మర్నాడంతా ఏడుపే. టికెట్ తేదీ మార్చుకునే వీలుంటే అక్టోబర్ చివర్లో స్కూలు సెలవులకి మార్చమనండి, చలికాలానికి అక్కడ గడియారాలు గంట వెనక్కి జరిపాక ఆరింటికే చీకటి పడుతుంది. వీలు లేకపోతే పగలే చూడండి, పిల్లలకి అదే చాలు. ఈ రెండు రోజులకీ పిల్లల్ని ఇంగ్లండ్ టైమ్ మీదే ఉంచండి, మీ ఇంట్లో ఏడింటికి పడుకునే పాప అక్కడ ఎనిమిదింటికి పడుకుంటుంది, హోటళ్లలో రాత్రి భోజనం మొదలయ్యేది కూడా ఏడు దాటాకే కాబట్టి మీకే కలిసొస్తుంది.

తిండి గురించి మీరు రాయలేదు కానీ సగం టెన్షన్ అదే అయ్యుంటుంది. బ్రిటన్ నుంచి యూరప్‌లోకి పెరుగు, పాలు, మాంసం తీసుకెళ్లకూడదు, పసిపిల్లల పాలపొడికి మాత్రం మినహాయింపు ఉంది. వంటిల్లున్న గది తీసుకుంటే పెరుగు అక్కడే కొని అన్నం కలిపి పెట్టేయొచ్చు. మీరు దిగే గార్ డు నోర్ స్టేషన్ వెనకే లా షపెల్‌లో తమిళుల హోటళ్లున్నాయి, ఇడ్లీ దోసె దొరుకుతాయి. మెట్రోలో చాలా స్టేషన్లకి లిఫ్ట్ ఉండదు, స్ట్రోలర్‌తో అయితే బస్సే నయం.

మీకూ ఒక మాట చెప్పాలి. పాపకి ఆయన అన్నం పెడితే "అలా కాదు, ఇటివ్వండి" అని లాక్కుంటున్నారా? రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. అలా అయితే ఆయన పక్కకి తప్పుకుంటారు, మొత్తం పని మీ మీదే పడుతుంది, తర్వాత దాని మీదే కోపం వస్తుంది. యూరోస్టార్‌లో నాలుగేళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, సీటూ ఉండదు, ఒళ్లోనే కూర్చోవాలి. వెళ్లేటప్పుడు పాప ఆయన ఒళ్లో, వచ్చేటప్పుడు మీ ఒళ్లో అని ఇప్పుడే అనుకోండి. ఏడ్చినా ఆయన్నే సముదాయించనివ్వండి.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. "వెళ్తున్నాం అత్తయ్యా, ప్లాన్ కొంచెం మార్చుకుంటున్నాం" అంటే చాలు. మిగతాది ఆవిడకి ఆయన చెప్పుకోవాలి.

ఇంత మాట్లాడాక కూడా ఆయన డిస్నీ చూడాల్సిందే అంటే, సరేనని బాబుని తీసుకుని వెళ్లమనండి, పాపతో మీరు పారిస్‌లోనే ఉండండి. కానీ వెళ్లేముందు మాత్రం, అమ్మ ఎందుకు రావట్లేదో బాబుకి ఏం చెప్పాలో మీరిద్దరూ కలిసి అనుకోండి: "చెల్లికి నిద్ర టైమ్, అమ్మ చూసుకుంటుంది" అని, ఆ మాట ఆయన నోటితోనే చెప్పించండి.