అజంతాకి ముప్ఫై ఎక్స్ ఎందుకండీ మాస్టారూ?

ప్రశ్న: రిటైరైన సోషల్ మాస్టారిని. ముప్ఫై ఏళ్లు పిల్లలకి అజంతా, ఎల్లోరా పాఠం చెప్పాను గానీ ఒక్కసారీ వెళ్లలేదు. ఈ డిసెంబరులో మా ఆవిడా నేనూ బయల్దేరుతున్నాం. నా ఫోను మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతుంది, ఎండలో దాని తెర కనబడదు. జేబులో పట్టే కెమెరా ఒకటి కొందామని షాపుకెళితే "ముప్ఫై ఎక్స్ జూమ్, ఇరవై మెగాపిక్సెల్, ఇంకేం కావాలి సార్" అన్నారు. మా అబ్బాయేమో వన్ ఇంచ్ సెన్సర్ ఉన్నదే కొను, సెకండ్‌హ్యాండ్ అయినా ఫర్వాలేదంటాడు. అందులో జూమ్ మూడు రెట్లే! ఎవరి మాట వినమంటారు?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అబ్బాయి మాటే వినండి మాస్టారూ. షాపాయన అబద్ధమేమీ చెప్పలేదు. కాకపోతే మీరు వెళ్లేది గుహల్లోకని ఆయనకి తెలియదు.

ఆ ముప్ఫై ఎక్స్ మోజు నాకూ ఉండేది. ఏలూరులో స్టూడియో మూసేసిన ఏడాది, మెడలు లాగేసే పెద్ద కెమెరా ఇంట్లో పడేసి, జేబులో జూమ్ కెమెరా వేసుకుని అజంతా వెళ్లాను. ఒకటో గుహలో గర్భగుడి వాకిలికి ఎడమవైపు గోడ మీద పద్మపాణి బొమ్మ, చేతిలో తామర పట్టుకున్న బోధిసత్వుడు. లోపలంతా మసక వెలుతురు. ఫ్లాష్ కొట్టనివ్వరు, కొట్టకూడదు కూడా. పాతిక ఫోటోలు తీశాను. కెమెరా వెనక చిన్న తెర మీద చూస్తే అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇంటికొచ్చి కంప్యూటర్లో వేశాక బండారం బయటపడింది. వాలిన ఆ కనురెప్పలు చెరిపేసినట్టున్నాయి. చేతిలో తామర రేకులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నానిన కాగితప్పువ్వులా తయారయ్యాయి. పెళ్లిళ్లు తీసి బతికినవాణ్ణి, ఆ ఫోటోలు ఎవరికీ చూపించలేదు.

ఎందుకలా అయిందంటే, ముప్ఫై రెట్లు జూమ్ చేసే లెన్సు జేబులో పట్టాలంటే దాని వెనకాల సెన్సర్, అంటే వెలుగుని పట్టి బొమ్మగా మార్చే చిప్పు, చిన్నది పెట్టక తప్పదు. ఆ రకం కెమెరాల్లో సెన్సర్ కందిగింజంత ఉంటుంది, సుమారు 6 మిల్లీమీటర్లు బై 4.5. వన్ ఇంచ్ అనేది 13.2 బై 8.8. వైశాల్యంలో నాలుగు రెట్లు. (స్కేలు పెట్టి కొలిస్తే అంగుళం రాదు లెండి. పాత టీవీ కెమెరాల గొట్టాల లెక్కలో పెట్టిన పేరది.) ఇక లెన్సు. దాని ముందు అంచు మీద సన్నటి అక్షరాలుంటాయి, కళ్లజోడు పెట్టుకుని చదవండి. జూమ్ కెమెరా మీద 1:3.3-6.4 లాంటి అంకె కనిపిస్తుంది. మీ అబ్బాయి చెప్పిన రకం మీద 1:1.8-2.8 అని ఉంటుంది. అంకె ఎంత చిన్నదైతే అంత వెలుగు లోపలికొస్తుంది. 3.3కీ 1.8కీ వెలుగులో తేడా మూడు రెట్ల పైచిలుకు. గుహలో తేలేది ఈ రెండు సంగతులతోనే. మెగాపిక్సెల్స్ రెండింటిలోనూ ఇరవయ్యే, దాన్ని మరిచిపోండి.

ఏది కొనాలంటారా? నేనైతే సోనీ ఆర్ఎక్స్100 మూడో రకం వెతుకుతాను. 2014 నాటిదైనా మీ పనికి చాలు. ఎండలో తెర కనబడదన్నారుగా, దానికి పక్కన ఒక మీట నొక్కితే పైకి లేచే వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ, ఉంది. లేపాక కాస్త వెనక్కి లాగాలి, అప్పుడే స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని మూసేస్తే కెమెరా కూడా ఆగిపోతుంది, పాడైందని కంగారుపడకండి. కానన్ జీ7ఎక్స్ మార్క్ 3 కూడా మంచిదే. 24 నుంచి 100 మిల్లీమీటర్ల దాకా జూమ్ ఉంది గానీ వ్యూఫైండర్ లేదు, మీకు మళ్లీ ఎండ గొడవే. రెండూ ఇంచుమించు 300 గ్రాములు. చొక్కా జేబు వేలాడుతుంది, ప్యాంటు జేబే నయం.

రెండిటి జూమూ 24 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది, ఆ అంకె ముఖ్యం. అది ఎంత చిన్నదైతే ఫోటోలో అంత వెడల్పు పడుతుంది. ఎల్లోరా పదహారో గుహ, కైలాసం, మీరు పాఠంలో చెప్పిందే. పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చిన గుడి. ఆ ముంగిట్లో నిలబడి గుడి మొత్తం పట్టాలంటే వెనక్కి జరగడానికి చోటుండదు, కొండ అడ్డం. అక్కడ దూరాన్ని దగ్గర చేసే జూమ్ ఏ మూలకీ పనికిరాదు.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని అయిదారుసార్లు ఆన్, ఆఫ్ చేయండి. లెన్సు బయటికొచ్చేటప్పుడు గరగరమంటే అక్కడే వదిలేయండి. తర్వాత తెల్లగోడని ఫోటో తీసి పెద్దది చేసి చూడండి, మచ్చలుంటే లోపలికి దుమ్ము వెళ్లినట్టే. ఈ కెమెరాలకి లెన్సు ఊడదు కాబట్టి మనం తుడవలేం. నా కెమెరా అలాగే పోయింది. సూర్యలంకలో ప్యాంటు జేబులో మిగిలిన చిటికెడు ఇసుక లెన్సు సందులో దూరి, అది బయటికీ రాదు, లోపలికీ పోదు. జేబు దులిపి మరీ పెట్టండి.

గుహలో ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 1600 నుంచి 3200 మధ్య పెట్టి, జూమ్ ముట్టుకోకండి. గోడలకి ఆనుకోవద్దు. మెడలో వేసుకున్న తాడు బిగిసేలా కెమెరాని ముందుకి లాగిపట్టి, మోచేతులు డొక్కలకి ఆనించి, ఊపిరి బిగబట్టి వరసగా మూడు నొక్కండి. ఒకటి షేక్ అయినా ఇంకోటి నిలుస్తుంది. బొమ్మ మీద మెరుపు కనబడితే ఓ అడుగు పక్కకి జరగండి. మన నిజాం సర్కారు 1920ల్లో ఇటలీ నిపుణుల్ని పిలిపించి ఆ బొమ్మలు రాలిపోకుండా లక్క వార్నిష్ పూయించింది, అది తర్వాత పసుపెక్కింది. పురావస్తు శాఖవాళ్లు దాన్ని తీయడానికి చాలా తంటాలు పడ్డారు. మీరు అజంతా పాఠంలో ఈ ముక్క చెప్పేవారో లేదో!

అన్నట్టు, సోమవారం అజంతాకి సెలవు, మంగళవారం ఎల్లోరాకి. టికెట్లు చేయించుకునే ముందు క్యాలెండర్ చూసుకోండి.

ప్రశ్న: నేలపట్టులో గూడబాతుల్ని తీయాలని మా ఇద్దరు పిల్లల గోల. ఖరీదైన కెమెరా వాళ్ల చేతికివ్వలేను. ఏదైనా చిన్నది చెప్పండి అన్నయ్యగారూ.
- ఒక పాఠకురాలు, సూళ్లూరుపేట

జవాబు: పైన మాస్టారిని వద్దన్న ముప్ఫై ఎక్స్ మీకు తీసుకోమ్మా. ఆరుబయట, ఎండలో, దూరాన కూర్చున్న పిట్టకి అదే సరి. పెట్టె తీయగానే మెనూలో డిజిటల్ జూమ్ ఆపేయించండి, అది ఉత్తుత్తి జూమ్, ఉన్న బొమ్మనే సాగదీస్తుంది. పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కాక నీళ్ల మీంచి ఆవిరి లేచి ఎంత మంచి లెన్సుకైనా పిట్టలు వణుకుతున్నట్టు కనిపిస్తాయి. పిల్లల మణికట్టుకి తాడు తగిలించాకే కెమెరా చేతికివ్వండి.

ప్రశ్న: విమానంలో కెమెరా బ్యాటరీలు పెద్ద సూట్‌కేసులో పెట్టొచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: విడి బ్యాటరీలు పెట్టకూడదు. చేతిసంచిలోనే ఉంచుకోండి, పవర్‌బ్యాంకు కూడా అంతే. బ్యాటరీ కొసలు తాళాలకీ చిల్లరకీ తగలకుండా దేనికదే చిన్న ప్లాస్టిక్ కవరులో వేయండి.