ఐఎస్ఎస్ఎన్ ఉంటే ఆ జర్నల్ నమ్మదగినదేనా?

కాదు, ఐఎస్ఎస్ఎన్ అనేది పత్రికను గుర్తుపట్టడానికి ఇచ్చే 8 అంకెల నంబర్ మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు. బండికి నంబర్ ప్లేట్ లాంటిదన్నమాట: బండి ఏదో చెబుతుంది, నడిపేవాడి సంగతి చెప్పదు. మన దేశంలో దీన్ని ఢిల్లీలోని జాతీయ కేంద్రం ఉచితంగానే ఇస్తుంది. లోపలి వ్యాసాలను నిపుణులు చదివారా లేదా అన్నది ఆ కేంద్రం పరీక్షించదు.

ఉదాహరణకు, కాకతీయ యూనివర్సిటీలో రామప్ప గుడి మీద పీహెచ్‌డీ చేస్తున్న స్కాలర్‌కు ఒక మెయిల్ వస్తుంది: ‘ఐఎస్ఎస్ఎన్ ఉంది, ఫీజు కడితే 3 రోజుల్లో పబ్లిష్ చేస్తాం’ అని. నిజమైన సమీక్షకు మామూలుగా వారాలు, చాలాసార్లు నెలలు పడుతుంది. 3 రోజుల్లో ఎవరు చదివినట్టు? సంపాదకవర్గంలో ఉన్నవాళ్ల పేర్లు వాళ్ల యూనివర్సిటీ పేజీల్లో ఉన్నాయా, పాత సంచికల్లో వ్యాసాలు ఒకే రంగానివా, అన్నీ కలగాపులగమా అన్నది చూస్తే అరగంటలో తేలిపోతుంది. ఎవరైనా ఉచితంగా చదవగలిగే ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే, అలాంటి జర్నళ్ల ఆన్‌లైన్ జాబితా డీఓఏజేలో వెతకడం ఇంకా తేలిక.

చాలామంది పొరపడేది ‘యూజీసీ కేర్ లిస్టెడ్’ అన్న మాట దగ్గర. అంటే, యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ ఆమోదించిన జర్నళ్ల జాబితాలో ఉందని. ఆ జాబితాను యూజీసీ 2025లో ఆపేసింది. ఇప్పుడు జర్నల్ ఎంపికకు కొన్ని ప్రమాణాలు మాత్రమే సూచించి, నిర్ణయం విద్యాసంస్థలకే వదిలింది. అందుకే డబ్బు కట్టేముందే గైడ్‌నీ డిపార్ట్‌మెంట్‌నీ అడగాలి. ఫీజు తీసుకునే ప్రతి జర్నలూ మోసమేం కాదు, అదింకో అపోహ.